రెండువందల పన్నెండో నంబరు బిళ్ళ

జహంగీర్ సాహెబు దగ్గర ఆరేళ్ళు పనిచేసేసరికి ముకుందానికి ఒక జబ్బు పట్టుకుంది. ఎవరు ఏ పాత బిళ్ళ తెచ్చినా, వాళ్ళు నోరు విప్పేలోగా అదేమిటో తను చెప్పేయాలి.

వరంగల్లులో సాహెబుగారి కొట్టుకు చిత్రమైన సరుకు వచ్చేది. ఎవరిచ్చారో తెలియని పతకాలు, మూతపడ్డ మిల్లుల క్యాంటీను బిళ్ళలు, కూలీల నంబరు బిళ్ళలు. ముకుందం ఒక్కసారి తిప్పి చూసి చెప్పేవాడు. చెప్పింది తప్పయ్యేదీ కాదు. ఇక ఆ మనిషిని పట్టేదెవరు?

ఒక మధ్యాహ్నం ఓదెమ్మ అనే ముసలావిడ వచ్చింది. కొంగుముడి విప్పి, చిన్న కాగితంలో చుట్టిన ఇత్తడి బిళ్ళ బల్లమీద పెట్టింది. ముకుందం కాగితం పక్కన పడేసి బిళ్ళ అందుకున్నాడు.

"బొగ్గుగని బిళ్ళ. కార్మికుడు దీన్ని దీపాల గదిలో ఇచ్చి, దీపం తీసుకుని దిగుతాడు. పైకొచ్చాక దీపం ఇచ్చేసి దీన్ని తీసుకుపోతాడు. బిళ్ళ బోర్డుకు వేలాడుతుంటే మనిషి లోపలున్నట్టు లెక్క. ఇలాంటివి మా దగ్గర డబ్బా నిండా ఉన్నాయమ్మా."

ఆవిడ బిళ్ళ వెనక్కి తీసుకోలేదు. తన ఆరో ఏట పెద్దవాగు గనిలోకి నీళ్ళు దూకాయనీ, ఆ పూట బోర్డు మీద నలభై ఒక్క బిళ్ళలు మిగిలాయనీ చెప్పింది. తండ్రి రాజవీరు బిళ్ళ అందులో లేదు. తండ్రీ ఇంటికి రాలేదు. తోటివాళ్ళను నీళ్ళకు వదిలి పారిపోయాడని ఊరంతా ఉమ్మేసింది. తల్లి పిల్లను తీసుకుని వరంగల్లు వచ్చి పడింది. ఆ తల్లి మొన్న పోతే, పెట్టె అడుగున ఈ పొట్లం దొరికింది. చచ్చిపోయినవాళ్ళ పేర్లతో వచ్చే నెల గని ముందు రాయి నిలబెడుతున్నారట.

"దీపం అప్పజెప్పి, బిళ్ళ తీస్కొని ఉరికిండన్నరు. ఎటు పోయిండో దీని మీద ఏమన్న రాసున్నదా బిడ్డా? నాకు సదువు రాదు, మా అవ్వకూ రాకపోయె."

"నంబరు తప్ప ఏమీ లేదమ్మా" అన్నాడు ముకుందం.

మూల కుర్చీలో ఉన్న సాహెబు లేచి వచ్చాడు. కిందపడ్డ కాగితం తీసి చదివి, జేబులో పెట్టుకున్నాడు.

"ఆ దీపాల గది సంగతి నాకొకసారి చేసి చూపెట్టు బేటా" అన్నాడు.

ముకుందం హుషారుగా బిళ్ళ ఆయన చేతికిచ్చి, టార్చి తీసుకుని, కిటికీ లేని వెనక గదిలోకి వెళ్ళొచ్చాడు. టార్చి ఇచ్చేసి, బిళ్ళ అడిగి తీసుకుని జేబులో వేసుకున్నాడు. సాహెబు టార్చిని సొరుగులో పెట్టి తాళం వేశాడు. తర్వాత తనే ఆ చీకటి గదిలోకి నడిచాడు.

లోపల పెట్టెలు దబదబ కూలాయి. "ముకుందం!" అని కేక.

ముకుందం పరుగెత్తాడు. మోకాలు చెక్కుకుపోయింది, తల దేనికో తగిలింది. తడుముకుంటూ వెళ్ళి ముసలాయన చెయ్యి గట్టిగా పట్టుకున్నాడు. సాహెబుకు దెబ్బేం తగల్లేదు.

"టార్చి ఏది?" అన్నాడు ఆయన చీకట్లో.

"మీ సొరుగులోనే ఉంది ఉస్తాద్. తీసే తీరికెక్కడిది?"

"బిళ్ళ?"

ముకుందం చెయ్యి జేబు మీదికి పోయి, అక్కడే ఆగిపోయింది.

వెలుతురులోకి వచ్చాక సాహెబు ఆ కాగితం అతని చేతిలో పెట్టాడు. గని మునిగిన పదేళ్ళకు నీళ్ళు తోడినప్పుడు పంపు మనిషి ఎవరో సంతకంతో సహా రాసిన ఒక్క ముక్క: "212 నంబరు. మూడో లెవెల్లో, బురదలో దొరికింది."

ముకుందం ఓదెమ్మ ముందు నేలమీద కూర్చున్నాడు. ఈసారి అతనికి తొందరలేదు. "మీ నాన్న పైకొచ్చాడమ్మా. దీపం ఇచ్చేశాడు. లోపల అరుపులు వినుంటాడు. బిళ్ళ జేబులో ఉండగానే, దీపం కూడా అడక్కుండా మళ్ళీ దిగాడు." ఆవిడ రెండు చేతులతో ముఖం కప్పుకుని ఏడ్చింది. తర్వాత కళ్ళు తుడుచుకుని, ఆ మాట ఇంకోసారి చెప్పమంది. అతను మూడుసార్లు చెప్పాడు.

మర్నాడే ముకుందం ఓదెమ్మను తీసుకుని పెద్దవాగు వెళ్ళాడు. రాయి నిలబెడుతున్న కమిటీ వాళ్ళు మొదట నమ్మలేదు. ముకుందం పాత దీపాల రిజిస్టరు తెప్పించాడు. ఇన్నేళ్ళూ రాజవీరును పిరికివాణ్ణి చేసింది ఆ పుస్తకమే. అందులో నీళ్ళు దూకిన రోజు కింద ఉంది: 212, దీపం అప్పగించాడు, బిళ్ళ తీసుకున్నాడు. దాని పక్కన ముకుందం ఆ కాగితం పెట్టాడు. కమిటీలో అందరికంటే పెద్దవాడు, గనిలో తమ్ముణ్ణి పోగొట్టుకున్నవాడు, రెండూ చదివి లేచి నిలబడ్డాడు. మిగతావాళ్ళూ లేచారు. ఓదెమ్మ ఒక్కతే కూర్చుని ఉంది.

రాయి అప్పటికే చెక్కడం అయిపోయింది. నలభై ఒక్క పేర్లతో అడుగుదాకా నిండిపోయింది, కింద వేలెడు జాగా లేదు.

అందుకని జాడి రాజవీరు పేరు అందరికంటే పైన చెక్కారు.