బురదలో పరిచిన బొమ్మలు

గోదావరి రెండు పాయల నడుమ ఉన్న గువ్వలంకలో భద్రాచలం అనే చిత్రకారుడు ఉండేవాడు. చెయ్యి తిరిగినవాడే గాని, దూరపు కొండలు తప్ప దగ్గరి గట్టు కనపడని జబ్బొకటి ఉండేది ఆయన కళ్లకు.

ఆ జబ్బు ఎంతదాకా వెళ్లిందంటే, లంకవాళ్లంతా కలిసి పంచాయతీవారి పాత పొగాకు కొట్టుకు సున్నం వేసి, చిత్రశాల అని పేరు పెట్టి, తాళంచెవి ఆయన చేతిలో పెడితే, ఆయన దాన్నిండా మంచుకొండలు గీసి పెట్టాడు. మంచుకొండను కళ్లారా చూసినవాడు గువ్వలంకలో ఒక్కడూ లేడు, భద్రాచలంతో సహా. అన్నీ క్యాలెండర్లు చూసి వేసినవే. కొండల పక్కన గాలిమరలు, గాలిమరల పక్కన ఎర్రకప్పుల మేడలు. లంకవాళ్లు వచ్చి, తలలెత్తి చూసి, బాగున్నాయని మర్యాదగా చెప్పి వెళ్లిపోయేవారు. రెండోసారి ఎవరూ వచ్చేవారు కాదు. మనవాళ్లకు కళ తలకెక్కదని భద్రాచలం నిట్టూర్చేవాడు.

ఆ లంకలో ఒక పాత ఆచారం ఉండేది. ఇంటికో పడవ, పడవకో గుర్తు. పడవ ముక్కున బిగించే పలక మీద ఒకరిది చేప, ఒకరిది చిలక, ఒకరిది తాబేలు. ఏటేటా గోదావరికి ఎర్రనీరు రాకముందే ఆ బొమ్మకు కొత్త రంగు పడాలి. కొత్తకోడలు కాపురానికి వచ్చిన ఏడాది ఆ పని ఆమెదే. ఎర్రటి జాజు, సున్నం, నీలిమందు, దీపపు మసి, ఆకుపసర్లు రంగులు; పైన గుగ్గిలం పూత. ఆ పూత పడితే వరదనీళ్లలో నానినా బొమ్మ చెదిరేది కాదు. వరదరోజుల్లో దూరాన వస్తున్న పడవ ఎవరిదో ఆ బొమ్మను చూసే పోల్చుకునేవారు. తర్వాత ఫైబరు పడవలు వచ్చాయి. అన్నీ నీలంగా ఒకే అచ్చు. పలకలు అటకలెక్కాయి.

పేరంటాలు అనే ముసలమ్మకు మాత్రం ఆ పలకలంటే ప్రాణం. ఎవరు పారేయబోయినా తెచ్చి తన ఇంట్లో దాచేది. చిత్రశాల తెరిచారని విని, పదకొండు పలకలు మోపు కట్టించి తెచ్చి భద్రాచలానికి అప్పగించింది. వాటి కథలు చెబుతాను, రాసుకోమంది. ఆయన మోపు విప్పకుండానే కొట్టు వెనక చూరు కింద పెట్టించాడు. ఆమె మూడుసార్లు వచ్చింది. మూడుసార్లూ ఆయన మంచుకొండకు తెల్లరంగు దిద్దుతూ, రేపు రమ్మన్నాడు.

ఇంతలో పెద్ద కబురు వచ్చింది. లంకల సంస్కృతిని చూపించే మంచి చిత్రశాలను ఎంచడానికి జిల్లా నుంచి హైమవతి అనే అధికారి వస్తున్నారు. ఎంపికైతే చిత్రశాలకు శాశ్వతంగా ఆ కొట్టే దక్కుతుంది. కాకపోతే దాన్ని ఎరువుల గోదాముగా మారుస్తామని పంచాయతీవారు ముందే తేల్చిచెప్పారు. భద్రాచలానికి నిద్ర పట్టలేదు. ఆ చిత్రశాల పోతే తనకిక ఊళ్లో చెప్పుకోవడానికంటూ ఏమీ మిగలదు. ప్రతి మంచుకొండకూ మరో పూత వేశాడు.

తీరా ఆ రోజు రానే వచ్చింది. ముందురోజు కురిసిన వానకు రేవు నుంచి చిత్రశాల దాకా పాతిక అడుగుల దారంతా చీలమండలోతు బురద. పట్టులాల్చీ, జరీ కండువా వేసుకున్న భద్రాచలం ఆ బురదను చూసి, అధికారి ఎలా నడిచి వస్తారని కంగారుపడ్డాడు. దారికి చెక్కలు పరవమని పడవ నడిపే ఏసుపాదాన్ని తొందరపెట్టాడు. చెక్కలెక్కడివన్నాడు ఏసుపాదం. కొట్టు వెనక మోపు ఉందిగా అన్నాడు భద్రాచలం.

"అయ్యి పేరంటాలమ్మగారి బొమ్మలండి," అన్నాడు ఏసుపాదం తల గోక్కుంటూ.

"బొమ్మలైతేనేం, చెక్కలేగా! పరువు పోయేలా ఉంది, ముందు పరువు."

ఏసుపాదం కాదనలేకపోయాడు. కానీ బొమ్మ మీద కాలు పెట్టడానికి మనసొప్పక, ఒక్కో పలకనూ బోర్లా తిప్పి పరిచాడు.

హైమవతి పలకల మీదుగా నడిచి వచ్చారు. ఆమె వెనకే సగం లంక వచ్చి గుమ్మం బయట నిలబడింది. ఆమె ఒక్కో బొమ్మ ముందూ ఆగి, తీరుబడిగా చూశారు. చాలా శ్రద్ధగా వేశారని మెచ్చుకున్నారు. భద్రాచలం ఉబ్బితబ్బిబ్బయ్యాడు. అప్పుడామె, ఈ కొండ పేరేమిటని అడిగారు. ఆయనకు తెలియదు, క్యాలెండర్ మీద రాసి లేదు.

"పోనీలెండి. ఇందులో మీ లంక ఎక్కడుందండీ?"

భద్రాచలం నాలుగు గోడలూ చూశాడు. ఎంత చూసినా గువ్వలంక కనపడలేదు. హైమవతి పుస్తకం మూసి, సంచిలో పెట్టుకుని రేవువైపు తిరిగారు. గోదాములో ఎరువుల బస్తాలు అప్పుడే కళ్లముందు మెదిలాయి భద్రాచలానికి.

ఆమె మూడో పలక చివర కాలు వేశారో లేదో, అవతలి కొస పైకి లేచి పలక పక్కకు తిరగబడింది. అంటుకున్న బురద జారిపోయి, లోపల నీలిరెక్క ఒకటి తళుక్కుమంది. తర్వాత ఎర్రటి ముక్కు. తర్వాత కన్ను. లకుముకిపిట్ట!

హైమవతి గభాలున పలకలు దిగి బురదలో నిలబడిపోయారు. చెప్పులు కూరుకుపోయినా చూసుకోలేదు.

"ఇంతసేపూ మనం నడిచింది బొమ్మల మీదా?" అన్నారు. "భద్రాచలం గారూ, ఈ పిట్ట ఎవరిది?"

జనంలోంచి పేరంటాలు ముందుకొచ్చింది. ఇన్నాళ్ల కోపం తీర్చుకోవాలంటే అదే అదను. కానీ ఆమె గొంతులో కోపం లేదు.

"అది ఆళ్లదేనండి," అంది. "ఒరే భద్రం, మీ ఇంటి గుర్తేరా అది. కోడలిగా వచ్చిన ఏడు మీ నాయనమ్మ ఏసింది. పెద్ద వరదలో మీ నాన్నని ఒళ్లో పెట్టుకుని ఇంటికప్పు మీద కూకుంది. రెండు రోజులు కళ్లమ్మట నీటిచుక్క రానివ్వలేదంట. దూరాన ఈ పిట్ట కనపడ్డాకే ఏడ్చింది. పడవ మీ తాతదని తెలిసింది కదా మరి. ఈ మాట చెబుదావనే మూడుసార్లొచ్చాను. నీకు తీరిక లేదాయె."

భద్రాచలం పట్టులాల్చీతోనే బురదలో మోకాళ్ల మీద కూలబడ్డాడు. జరీ కండువా తీసి పిట్టను తుడిచాడు. నాయనమ్మ వేసిన గీత ఒక్కటీ చెదరలేదు. ఆయనకు దుఃఖం ఆగలేదు, సిగ్గూ ఆగలేదు. ఆ రెండిటి వెనకే, చిన్నప్పుడు మొదటిసారి రంగుల పెట్టె తెరిచినప్పటి సంబరం ఒకటి గుండెలో ఎగిసింది.

"మేడం గారూ, ఒక్క గంట ఆగండి," అన్నాడు.

పడవ వేళ దాటిపోతుందేమోనని ఆమె సందేహించారు.

"నడిపేది నేనేగదండి, అదెక్కడికి పోద్ది?" అన్నాడు ఏసుపాదం.

ఇక చూడాలి లంకలో హడావుడి! అటకల మీది పలకలు దిగాయి. ఒకరింట కుడితి తొట్టికి మూతగా ఉన్న తాబేలు ఊడివచ్చింది. ఇంకొకరింట కోళ్లగూటికి తలుపైన చిలకను పీకితే, కోళ్లన్నీ వీధినపడి కొక్కొరకో అంటూ ఊరేగాయి. రెండిళ్లవాళ్లు చేప మాదంటే మాదని వాదులాడుకుంటూనే చెరో కొసా పట్టుకుని మోసుకొచ్చారు. మంచుకొండలు గోడలు దిగాయి. గంట తిరిగేసరికి నలభై పలకలు చిత్రశాల ఎక్కాయి. అటకల మీది దుమ్మంతా మనుషుల నెత్తిన ఉంది, ముఖాలు మాత్రం వెలిగిపోతున్నాయి. పేరంటాలు ఒక్కో పలక ముందూ నిలబడి, ఏ కోడలు వేసిందో, ఏ వరదలో తిరిగిందో చెబుతూ పోయింది. ఆమె మరిచిన చోట జనం అందుకున్నారు. భద్రాచలం పక్కనే కూర్చుని ఒక్క మాట పోకుండా రాసుకున్నాడు. హైమవతి పుస్తకంలో కాగితాలు అయిపోయాయి. పొద్దు వాలాక వట్టికాళ్లతో పడవ ఎక్కుతూ, మళ్లీ వస్తాను, చెప్పులు వెతికి ఉంచమన్నారు.

పదిహేను రోజులకు ఉత్తరం వచ్చింది. గువ్వలంక చిత్రశాల ఎంపికైంది. ఎరువులు వేరే చోటు వెతుక్కున్నాయి.

ఇప్పుడు ఎర్రనీరు రాకముందే కొత్తకోడళ్లు చిత్రశాలకు వచ్చి, పేరంటాలు చెబుతుండగా రంగులు నూరుతారు. ఫైబరు పడవల ముక్కున కూడా చేపలూ చిలకలూ ఎక్కాయి. ఆ లకుముకిపిట్ట పలకను భద్రాచలం గోడకు కొట్టలేదు. గుమ్మంలో తాడుకు వేలాడదీశాడు. గాలికి తిరిగినప్పుడల్లా ముందువైపు పిట్ట, వెనకవైపు బురద అడుగులు కనిపిస్తాయి. ఆ అడుగులను ఆయన ఎవరినీ కడగనివ్వడు. అవెందుకని ఎవరైనా అడిగితే, సిగ్గుపడకుండా కథంతా చెప్పి, చివర ఈ మాట అంటాడు: మన వారసత్వాన్ని మనమే కాళ్లకింద వేసుకుంటే, లోకం దాన్ని నెత్తిన పెట్టుకోదు.