సుద్ద చేతికెందుకు అంటుకుంటుంది

ఒకప్పుడు సుద్దరాయి నల్లరాయంత గట్టిగా ఉండేది. కొండ నడుం మీద తెల్లటి చారలా ఒక్కతే పడి ఉండేది. దానితో మాట్లాడ్డానికి గాలి తప్ప ఎవరూ వచ్చేవాళ్ళు కాదు. ఆ గాలి కూడా మాట పూర్తయ్యేలోపే వెళ్ళిపోయేది.

ఆ కొండకింద బయ్యన్న ఉండేవాడు. తేనె తీసేవాళ్ళ కులం మనిషి. వాడికీ నా అన్నవాళ్ళు లేరు. వాళ్ళలో ఒక కట్టుబాటు ఉంది. కొండ పైనుంచి తాడు మీద దిగి తేనెపట్టు కోయాలంటే, ఆ తాడు బావమరిదే పట్టాలి. తోబుట్టువు పసుపుకుంకుమలు తన చేతిలో ఉన్నాయని వాడైతేనే వదలకుండా పట్టుకుంటాడట. బావమరిది కావాలంటే పెళ్ళి కావాలి. పిల్లనివ్వమంటే, ముందు కొండతేనె తెమ్మన్నారు.

ఇది ఎటు తిప్పినా తెగదు. నేనైతే పెళ్ళే మానేసేవాణ్ణి. నాకు మంచం ఎక్కితేనే కళ్ళు తిరుగుతాయి. బయ్యన్న మాత్రం తాడు పక్కన పడేసి, కిందినుంచి ఒట్టి చేతులతో ఎక్కాడు.

సగం ఎక్కి కిందికి చూశాడు. చూడకుండా ఉండాల్సింది. అరచేతుల్లో చెమట పుట్టింది. వేళ్ళు జారసాగాయి.

"తల్లీ, నన్ను వదలకే," అని కొండను బతిమాలాడు.

"నాకూ పట్టుకోవాలనే ఉంది అబ్బీ. మన మధ్య నీళ్ళు అడ్డమొచ్చాయి," అంది కొండ.

చెమట నొచ్చుకుంది. భయపడ్డవాణ్ణి ఒంటరిగా వదలకూడదని వచ్చానే గానీ చంపడానికి కాదంది.

పక్కనున్న సుద్దరాయి అంతా వింది. "నన్ను రాసుకో. చెమట నేను తాగుతాను," అంది.

"రాయిని ఎలా రాసుకోను?"

పొడైతే మళ్ళీ రాయి కాలేనని సుద్దకు తెలుసు. అయినా పుటుక్కున విరిగి వాడి అరచేతిలో పిండిలా రాలింది. చెమటంతా తాగేసింది. కొండ వాడి వేళ్ళను పట్టుకుంది.

బయ్యన్నకు ఆశ పుట్టింది. చిటికెడుకే ఇంత పట్టుంటే పిడికెడుకి ఎంతుండాలి అనుకుని, పెళ్ళికొడుక్కి నలుగు పెట్టినట్టు పూసుకున్నాడు. మళ్ళీ జారాడు.

"ఇప్పుడు నీ చెయ్యి తగలట్లేదు, పిండే తగులుతోంది. దులుపు," అని కొండ కసిరింది.

ఒక్కో చెయ్యీ ఊదుకున్నాడు. పల్చటి పొర మిగిలింది. పట్టు చిక్కింది. తేనె దొరికింది, దాని వెనక పెళ్ళాం, ఆమె వెనక బండలాంటి బావమరిది వచ్చారు. ఇక తాడు ఉంది కాబట్టి, ఆ తెల్లచార దగ్గరికి రావాల్సిన పని బయ్యన్నకు లేకపోయింది.

సుద్ద చాలాకాలం ఎదురుచూసింది. చేతి వెచ్చదనం ఎలా ఉంటుందో దానికిప్పుడు తెలుసు మరి.

అప్పటినుంచే సుద్ద గట్టిగా ఉండడం మానేసింది. ఎవరు ముట్టుకున్నా, నువ్వెవరని కూడా అడక్కుండా, చేతికి అంటుకుని వాళ్ళ వెంట వెళ్ళిపోతుంది.