మెడ దగ్గర తడి గీత

ఈ కథ నాకు మొదట చెప్పింది మా మేనమామ బ్రహ్మయ్యాచారి. ఆయన చెప్పినట్టే చెబుతున్నాను, ఒక్క మాట కలపలేదు.

పూర్వం కృష్ణ ఒడ్డున ఒక శైవమఠంలో కొమ్మోజు అనే శిల్పి ఉండేవాడు. అతను ఉలి పడితే రాయి వెన్నయ్యేది. కానీ తన పనిలో తప్పుందంటే మాత్రం చచ్చినా ఒప్పుకునేవాడు కాడు.

మఠంలో పిల్లలు చదువుకునే వాకిలి పైన నిలపడానికి అతను సరస్వతి బొమ్మ చెక్కాడు. ఏడాది పట్టింది. పొద్దున్నే ఏటి మంచు కమ్మితే ఆమె నిద్రలో నవ్వుతున్నట్టు ఉండేది. ఇక కళ్లే మిగిలాయి. కళ్లు ఆఖరున తెరవాలి. తెరిచాక ఆమె అమ్మవారు, మళ్లీ ఉలి తగలకూడదు.

కళ్లు తెరిచే ముందురోజు అతని అక్క బయ్యమ్మ బొమ్మను కడిగింది.

"తమ్ముడూ, ఇటు రా. ఒళ్లంతా ఆరింది. మెడ దగ్గర వెంట్రుకంత తడి మాత్రం ఆరలేదు. లోపల పగులుంది."

"పగులు నీ కంట్లో ఉందక్కా."

"నా కంట్లో ఉంటే నేను గుడ్డిదాన్నవుతా, అంతే. మెడలో ఉంటే తల ఊడి పిల్లల నెత్తిన పడుద్ది."

కొమ్మోజు వినలేదు. లక్కలో రాతిపొడి కలిపి గీత పూడ్చాడు. నున్నగా రుద్దాడు. బ్రహ్మ దిగొచ్చినా కనిపెట్టలేడనుకున్నాడు.

మధ్యాహ్నం బొమ్మ నీడలోనే కునుకు పట్టింది. కలలో ఏరు మెల్లగా మఠంలోకి నడిచొచ్చింది. నీళ్ల మీద తాటాకులు తేలుతున్నాయి, పిల్లలు లేరు. బొమ్మ అతని వైపు వంగింది. "ఆచారీ, తల బరువుగా ఉంది. కాస్త పట్టుకో" అంది. పట్టుకోబోతే తన చేతులే రాయైపోయాయి.

మర్నాడు కళ్లు తెరిచే వేళ మఠాధిపతి అడిగాడు.

"రాయి మంచిదేనా ఆచారీ?"

మంచిదేనన్న మాట నాలుక చివరిదాకా వచ్చింది. ఎదురుగా తాటాకులు పట్టుకుని పిల్లలు కూర్చున్నారు. కొమ్మోజు ఉలి పక్కన పెట్టి, పెద్ద సుత్తి తీసుకుని మెడ మీద ఒక్కటేశాడు. తల ఆ గీత వెంబడే ఊడి దొర్లింది.

"పగులుంది స్వామీ. నిన్న మా అక్క చూసింది. నేను దాచాను" అన్నాడు.

మఠం ఆ పని వేరొకరికిచ్చింది. కొమ్మోజు పేరు ఏ రాతి మీదా ఎక్కలేదు. ఆ వాకిలి కింద మాత్రం పిల్లలు చాలా ఏళ్లు భయం లేకుండా నడిచారు.

మొన్న ఆ మఠం ఉన్న చోట తవ్వకాల్లో ఆ మొండెం, తల దొరికాయి. శత్రువులు విరగ్గొట్టారని తవ్వినవాళ్లు బోర్డు పెట్టారు. అది తప్పు. వెళ్లి చెబితే నవ్వారు, ఆ నవ్వు నేను మరవను. చదువొచ్చినవాళ్లెవరైనా ఆ బోర్డు దిద్దండి. కొమ్మోజే కొట్టాడని రాయండి. పేరు పోతుందని తెలిసీ తన తప్పు తానే బయటపెట్టినవాడే అసలైన పనివాడు.