మూడో దీవిలో తలల లెక్క

వేదవల్లి గారిని ప్రశ్న అడిగినవాడు కాస్త కాచుక్కూర్చోవాల్సిందే. ఆవిడ వెంటనే జవాబు చెప్పిన పాపాన పోలేదు. కొవ్వూరులో వారి వసారాలో ఆదివారం ఆదివారం ఉపనిషత్తు పాఠం జరిగేది. ఎవరైనా సందేహం అడిగితే, "చూద్దాంలే నాయనా" అని పుస్తకం మూసేవారు. ఆ చూడటానికి ఒక్కోసారి వారం పట్టేది, ఒక్కోసారి ఏడాది. కామేశం ప్రశ్నకి మాత్రం నాలుగే రోజులు పట్టింది. అదీ కొవ్వూరులో కాదు, అండమాన్ దీవుల్లో.

కామేశం టెలిఫోన్ల శాఖలో ఇంజనీరుగా చేసి రిటైరయ్యాడు. పన్నెండేళ్ళుగా వేదవల్లి అమ్మగారి శిష్యుడు. భాష్యంలో ఏ పుటలో ఏముందో నిద్రలో లేపి అడిగినా చెప్పగలడు. ఆ ఏడు అమ్మగారికి గొంతు సహకరించడం మానేసింది. "ఈ ప్రయాణం అయ్యాక పాఠం మీలో ఒకరికి అప్పగిస్తాను" అన్నారు. ఆ ఒకరు ఎవరో కామేశానికి వేరే చెప్పాలా? తనే! పైకి అనలేదుగానీ, మనసులో పీట వేసుకుని కూర్చున్నాడు. యాత్ర ఏర్పాట్లు కూడా అతనివే. ఆరు రోజులు, మూడు దీవులు, ఓడ, జీపులు, ఆఖరికి హెలికాప్టర్ కూడా. వెంట వంట మాస్టరు సరేసరి. మన తెలుగువాళ్ళు స్వర్గానికి బయల్దేరినా వంటవాణ్ణీ ఆవకాయ జాడీనీ వదిలిపెట్టి కదలరు కదా!

మొదటి రోజు ఓడ మీద, అందరూ వింటూండగా కామేశం అడిగాడు.

"అమ్మగారూ, అందరిలోనూ ఉన్నది ఒక్కటేనని మీరు చెప్పారు. విన్నాను, తర్కించాను, ఒప్పుకున్నాను. ఆ పైన తెలుసుకోవలసింది ఇంకా ఏమైనా మిగిలిందా?"

ఇందులో అసలు ప్రశ్న ఏమిటో ఓడలో ఉన్న ప్రతివాళ్ళకీ తెలుసు. అమ్మగారు నీళ్ళకేసి చూస్తూ, "చూద్దాంలే నాయనా" అన్నారు.

మూడో దీవిలో హెలికాప్టర్ టిక్కెట్ల కిటికీ దగ్గర గుమస్తా ఎంతమందని అడిగాడు. బండిలో పైలట్ కాక అయిదుగురు పడతారు.

"అందరం పదిమందిమి. రెండు ట్రిప్పులు చాలు" అన్నాడు కామేశం.

"అందరమూనా?" అన్నారు వెనకనుంచి అమ్మగారు.

"అందరమూనండి" అన్నాడు ఢంకా బజాయించి. రెండో ట్రిప్పులో అమ్మగారి పక్క సీటు తనకే రాయించుకున్నాడు. అంత ఎత్తున, ఆవిడ పక్కన కూర్చుని పాఠం సంగతి కదపాలని అతని ఆశ.

మర్నాడు పొద్దున్న మొదటి ట్రిప్పువాళ్ళు ఎగిరి, కేరింతలు కొడుతూ దిగారు. రెండో ట్రిప్పుకి పిలుపు వచ్చింది. అప్పుడు అమ్మగారు పక్కనే వంట సాగుతున్న రేకుల షెడ్డులోకి వెళ్ళి, కూరగాయలు తరుగుతున్న వంట మాస్టరు పైడిరాజు ముందునుంచి కత్తిపీట లాక్కున్నారు.

"నువ్వెళ్ళు. ఇవాళ వంట నాది."

పైడిరాజుది విజయనగరం అవతల పల్లె. ఎన్నో ఏళ్ళుగా కొవ్వూరులో పెళ్ళివంటలు చేసుకుంటూ, యాత్రలవాళ్ళ వెంట కూడా వంటకి వెళ్తుంటాడు. హడలిపోయి లేచాడు. "నానేటి, గాల్లో ఎగరడమేటమ్మా! నాకొద్దు. పప్పు పొయ్యి మీదుంది."

"నీకంటే ముందునుంచీ పప్పు వండుతున్నానోయ్. నడు!"

అమ్మగారి మాటకి ఎదురేముంది? పక్కన అమ్మగారు కూర్చోవలసిన సీట్లో పోపు వాసనతో పైడిరాజు కూర్చునేసరికి కామేశం మొహం కందగడ్డయింది. హెలికాప్టర్ లేవగానే పైడిరాజు రెండు చేతులా అతని మోచెయ్యి పట్టుకున్నాడు. మరి విడిచిపెడితే ఒట్టు.

కింద సముద్రం ఒడ్డు దగ్గర లేత ఆకుపచ్చగా ఉండి, ముందుకు పోయేకొద్దీ నీలంగా, ఆ పైన నల్లగా మారిపోతోంది. నీళ్ళ అడుగున పగడపు దిబ్బలు గోధుమరంగు మచ్చల్లా కనబడుతున్నాయి. దీవి చుట్టూ తెల్లటి నురుగు. కాసేపటికి పైడిరాజు భయం మరిచిపోయి కిటికీకి ముక్కు ఆనించాడు.

"అట్టు అంచులాగుందండీ బాబూ!" అన్నాడు చెవిఫోన్లో. ఆ వెంటనే, "ఇది ఏ ఊరండీ?" అని అడిగాడు.

"అదేమిటి? ఏడుసార్లు వచ్చానన్నావుగా ఇక్కడికి?"

"వొచ్చానండి. వొచ్చి వంట సేసానండి. మీలాటోళ్ళు ఊరంతా సూసొచ్చేసరికి కూడు ఏడేడిగా ఉండాల గదా. ఈ దీవి గురించి నాకు తెలిసిందొకటేనండి. ఇక్కడ నీళ్ళలో పప్పు బేగి ఉడకదు."

కామేశానికి చురుక్కుమంది. ఈ నాలుగు రోజులూ మూడు పూటలా వడ్డించిన మనిషి. నిన్న టిక్కెట్ల కిటికీ దగ్గర తన లెక్కలోకి రాలేదు! సిగ్గుతో తల దించుకున్నాడు. కానీ కామేశం ఎంతసేపని తల దించుకుంటాడు? హెలికాప్టర్ ఓ చుట్టు తిరిగి వెనక్కి మళ్ళేలోపే అతని బుర్ర వెలిగింది. ఓహో, ఇదన్నమాట అమ్మగారి జవాబు! మిగిలింది పైడిరాజు. ఇప్పుడు కలుపుకున్నాను. ఇంకేం మిగల్లేదు. దిగేటప్పుడు పైడిరాజుకి చెయ్యి అందించి మరీ దించాడు.

మధ్యాహ్నం భోజనాల్లో పప్పు పలుకుగా ఉంది. "తప్పు నీళ్ళదండి, అమ్మగారిది కాదు" అని పైడిరాజే సర్దిచెప్పాడు. కామేశం అతన్ని పంక్తిలో తన పక్కనే కూర్చోబెట్టుకున్నాడు. ఎండ తగ్గాక రెండు జీపుల్లో దీవి చూడటానికి బయల్దేరినప్పుడు ముందు సీటు కూడా అతనికే ఇచ్చాడు. ఇవన్నీ అమ్మగారు చూస్తున్నారా లేదా అని మధ్యమధ్య ఓ కంట కనిపెడుతూనే ఉన్నాడు.

పోకతోటలు దాటి, అడవి గేటు దగ్గర గార్డుని ఎక్కించుకుని, గుంతల దారిలో ఎగిరెగిరి పడుతూ జీపులు కొండ మీదికి చేరాయి. పొద్దున్న పైనుంచి చూసిన నీళ్ళే ఇప్పుడు ఎదురుగా, అలల చప్పుడుతో సహా ఉన్నాయి. అందరూ రెయిలింగు దగ్గర ఫోటోల్లో పడ్డారు. పైడిరాజు జీపు వెనక చేరి టీ క్యాను దించాడు.

అమ్మగారు బండమీద కూర్చుని పిలిచారు. "కామేశం, మనం ఎంతమందిమి నాయనా?"

ఈ ప్రశ్న కోసమే పొద్దుటినుంచీ చూస్తున్నాడతను. పరీక్ష ఇదే. గొంతు సవరించుకుని, ప్రతి ఒక్కరికీ వినబడేలా చెప్పాడు.

"పదకొండు మందిమి, అమ్మగారూ!"

ఆవిడ జీపుకేసి చూశారు. అప్పటికే పైడిరాజు జీపు బానెట్ మీద గ్లాసులు పేర్చి టీ పోస్తున్నాడు. కామేశం అటు చూశాడు. అలవాటు కొద్దీ లెక్కపెట్టాడు. పద్నాలుగు.

"మూడు ఎక్కువ పెట్టావేం?"

పైడిరాజు క్యాను పట్టుకునే తెల్లబోయాడు. "ఎక్కువేటండి బాబూ? మనోళ్ళే గదా. ఇద్దరు డ్రైవర్లు, ఆ గార్డు బాబూ. ఆళ్ళు తాగరేటి?"

పొద్దున్న కామేశానికి తగిలింది చురకే. ఇది చెంపదెబ్బ. జీపు టైరుకి ఆనుకుని నించున్న ఇద్దరినీ, గొడుగు కింద కూర్చున్న గార్డునీ అప్పుడే మొదటిసారి చూసినట్టు చూశాడు. మూడు గ్లాసులు తనే తీసుకెళ్ళి, ఒక్కొక్కరినీ పేరడిగి మరీ ఇచ్చి వచ్చాడు. ఈసారి అమ్మగారు చూస్తున్నారో లేదో వెనుదిరిగి చూసుకోలేదు.

తరువాత ఆవిడ దగ్గరికి వచ్చి కింద కూర్చున్నాడు. "నేను పాఠానికి పనికిరానండి. ఇంకెవరికైనా చెప్పండి" అన్నాడు. పన్నెండేళ్ళ ఆశ అక్కడితో వదులుకున్నాడు.

"ఎందుకు పనికిరావు? నీకు బాగా వచ్చు. ఈ ఆదివారం నుంచి నువ్వే చెప్పు" అన్నారు అమ్మగారు. టీ ఓ గుక్క తాగి, గ్లాసు బండమీద పెట్టారు.

"వినేందుకు ఎంతమంది వచ్చారో మాత్రం పైడిరాజుని అడిగి మొదలుపెట్టు."