నూట నలభై మూడో ఇల్లు

"పైడమ్మా! మళ్ళీ ఉత్తరం వేరే ఇంట్లో ఇచ్చావు. ఇవాళ్టితో నీ ఉద్యోగం సరి," అని నిండు సభలో మంత్రి సోమనాథయ్య కేకేశాడు.

ఊళ్ళో ఇళ్ళకు అంకెలు వేయించింది ఆయనే. వీధులతో పనిలేకుండా, గొప్పవాళ్ళ నుంచి వరసగా వేయించాడు. ఒకటో ఇల్లు ఆయనది. నాలుగో ఇంటి పక్కన డెబ్బయ్యో ఇల్లుండేది.

ఉత్తరాలు పంచే పైడమ్మ నవ్వితే సభలో సన్నజాజులు రాలినట్టయింది.

"చిత్తం అయ్యగారూ. ఉద్యోగంలోంచి తీసేసే పత్రం ఇంటి గడప దగ్గర ఇస్తేనే చెల్లుతుంది కదా. మాది నూట నలభై మూడో ఇల్లు. తమరే తెచ్చివ్వండి."

"అంకెలు మీవేగా, దారి ఎవర్నీ అడక్కుండా వెళ్ళిరండి," అన్నాడు రాజు ముసిముసిగా.

సాయంత్రానికి మంత్రి చెమటతో తడిసి తిరిగొచ్చాడు. పత్రం చేతిలోనే ఉంది.

"ముందు వీధికో అంకె, ఆపైన ఆ వీధిలో ఇంటికో అంకె వేయించండి ప్రభూ," అంది పైడమ్మ. "ఏడో వీధి, మూడో ఇల్లు అంటే, వీధి చేరేదాకా ఇంటి ఊసే అక్కర్లేదు నాకు."

రాజు పత్రం చించేసి మంత్రి వైపు తిరిగాడు. "ఇంత తేలిక పద్ధతి మీకు తట్టలేదా?"

మంత్రి తల దించుకున్నాడు.

"తట్టింది ప్రభూ. కానీ అలా వేస్తే మా ఇల్లు తొమ్మిదో వీధిలో పదకొండోది అవుతుంది."