మూడు గాట్లు

పాత కత్తి ఒకటి మీ చేతికిచ్చారనుకోండి. ముందు ఏం చూస్తారు? నసగకుండా చెప్పండి. తళతళే కదా? భరద్వాజ చూసిందీ అదే. అతణ్ని తప్పుపట్టే ముందు మీ కళ్లను అడగండి.

భరద్వాజ బీమా ఆఫీసులో పనిచేస్తాడు. ఇంట్లో గోడ నిండా పది కత్తులు. ఆదివారమైతే గ్లౌజులు తొడుక్కుని, ఒక్కొక్కదాన్నీ దించి నూనె పట్టించి మళ్లీ తగిలిస్తాడు. ఆ ఇష్టం ఉత్తుత్తిది కాదు. అయినా "వంకాయ కొయ్యడం రాదుగానీ" అని భార్య దెప్పుతూనే ఉంటుంది. ఆ మాట గుచ్చుకునే, కత్తిసాము నేర్పే చిట్టెన్న గురువు తాలింఖానాలో చేరాడు. ఒకరోజు ఉండబట్టలేక అడిగేశాడు.

"ఎవరి మీదా ఎత్తనివాడికి కత్తి ఎప్పుడు సొంతమవుతుంది గురువుగారూ?"

"దసరాకి ఒకటి పట్టుకురా. ఆయుధపూజ వరుసలో పెడదాం" అన్నాడు గురువు.

ఆ తాలింఖానాలో వరుసలో చోటంటే మాటలు కాదు. వేరే ఇంటి కత్తయితే, ఆ ఇంటివాళ్లొకరు వచ్చి చేత్తో తడిమి "మాదే, ఇచ్చాం" అనాలి. భరద్వాజ తన కత్తుల్లోకెల్లా పాతదాన్ని ఎంచుకున్నాడు. వానకి ఇల్లు కూలినప్పుడు దాన్ని అమ్ముకున్న నీలయ్యమ్మను తానే వెళ్లి తీసుకొచ్చాడు. చూపు పోయిన ముసలమ్మ.

కత్తిని ఒళ్లో పెడితే ఆమె వేళ్లు పిడి మీద ఆగాయి. మొహం విచ్చుకుంది. బొటనవేలు అంచు వెంట మెల్లగా చివరిదాకా వెళ్లింది. వెనక్కి వచ్చింది. మళ్లీ వెళ్లింది.

"ఇది మాది కాదు బాబూ."

"అదేంటమ్మా! మీ చేత్తోనే ఇచ్చారు కదా!"

"పిడి మాదానిలాగే ఉన్నాది. మా తాత కత్తికి మూడు గాట్లుండాల. ఏరు పొంగిన్నాడు పలుపుతాళ్లు ఇప్పే యేళ లేక, రాతి గుంజల మీదే నరికేసినాడు. మూడు పసువులు బతికినాయి, మూడు గాట్లు పడ్డాయి. సిన్నప్పుడు ఏలెట్టి లెక్కెట్టుకునీదాన్ని."

భరద్వాజ ఆ నున్నటి అంచు వైపు చూశాడు. ఆ గాట్లు చూసి అయ్యో పాడైపోయిందే అనుకున్నది తనే. సానపట్టేవాడి పక్కన కూర్చుని మరీ అరగదీయించిందీ తనే. అద్దంలా వచ్చిందని ఊరంతటికీ ఫొటోలు పంపాడు.

ముసలమ్మ కత్తిని గుడ్డలో చుట్టి, పరాయి సొమ్ము అప్పగించినట్టు జాగ్రత్తగా అతనికి ఇచ్చేసింది. ఇచ్చిన చెయ్యి వెనక్కి తీసుకోలేదు.

"మరి మాదేది బాబూ?"

భరద్వాజ గురువు వైపు చూశాడు. గురువు వరుసలో కత్తులు సర్దుతూ, తల ఎత్తకుండానే అన్నాడు: "ఆవిడది కాకుండా చేశావు. నీది కావాలంటే, ముందు ఆవిడకి జవాబు చెప్పు."

ఆ చెయ్యి ఇంకా చాచే ఉంది. మీరైతే అందులో ఏం పెడతారు?