టపాకాయల కార్ఖానాకి రెండో తలుపు

తూర్పు సముద్రం ఆవల, తెల్లదొరలు ఏలే ఒక రేవుపట్నంలో, చీనావాళ్ళ గుడికి ధర్మకర్తని తానే నియమించాలని లాటుదొరకి బుద్ధి పుట్టింది. ఆ పదవి ఇద్దామని టపాకాయల కార్ఖానా యజమాని, కూ అనే చీనా షావుకారుని పిలిపించాడు.

పక్కనే నిలబడ్డ దుబాసీ గవరయ్య మొహం చిట్లించాడు.

"ఏమిటయ్యా?" అన్నాడు దొర.

"వీరి కార్ఖానాలో వెనక తలుపుకి మేకులు కొట్టేశారు దొరా. నిప్పంటుకుంటే లోపలివాళ్ళు ఎటు పోవాలి?"

గవరయ్య వదిన చిట్టెమ్మ అక్కడే టపాకాయలు చుడుతుంది. ఆమె ఇల్లు చేరేదాకా అతనికి ముద్ద దిగదు.

షావుకారు పట్టుచొక్కా సవరించుకున్నాడు. "ఆ తలుపు తీస్తే కూలీలు చుట్ట కాల్చుకోడానికి బయటికి పోతారు దొరా!"

"మరి లోపలే కాల్చుకోమంటారా?" అన్నాడు గవరయ్య.

షావుకారు విసురుగా లేచి వెళ్ళాడు. దొర నవ్వాడు గాని, తల అడ్డంగా ఊపాడు. "తలుపు తెరవమనడానికి నా దగ్గర చట్టం లేదు. నీకంత తెలివుంటే నువ్వు తెరిపించు. పోలీసు వద్దు, జరిమానా వద్దు. గుడి ఉత్సవం నాటికి ఆయనే తన చేత్తో తెరవాలి. లేదా, ఆ తలుపు మాట ఇంకెప్పుడూ ఎత్తకు."

గవరయ్య తిన్నగా షావుకారు ఇంటికి వెళ్ళాడు.

"కాబోయే ధర్మకర్తగారి కార్ఖానాకి దేవుడి పల్లకి రాకపోతే ఊళ్ళో ఏమనుకుంటారండీ?"

షావుకారు పొంగిపోయాడు. "రావాలి! లాటుదొర కూడా రావాలి!"

"అయితే ఆ పూట టపాకాయల మందంతా గోదాముకి తరలించండి. అగరొత్తులు వీధిలోనే ఆర్పించాలి."

"నువ్వు మరీ పిరికివాడివోయ్!" అన్నాడు గాని, సంబరంలో అన్నిటికీ ఒప్పుకున్నాడు.

ఉత్సవం నాడు గవరయ్య దొర చుట్టనీ గుమ్మం దగ్గరే ఆర్పించాడు. డప్పులతో, తాళాలతో పల్లకి లోపలికి వచ్చింది. కార్ఖానా అంతా తిరిగి, వెనక తలుపు ముందు ఆగిపోయింది.

ఆ గుడి దేవుడి పల్లకి ఎక్కడికి వెళ్ళినా ఒక ఆచారం ఉంది. ఒక పక్క తలుపులోంచి లోపలికి వస్తే, రెండో పక్క తలుపులోంచే బయటికి వెళ్ళాలి. ఆ సంగతి షావుకారుకి చిన్నప్పటినుంచీ తెలుసు. పల్లకి వస్తోందన్న మురిపెంలో తన తలుపు సంగతే మరిచిపోయాడు.

"ఈ ఒక్కసారికీ వెనక్కి తిప్పండి," అన్నాడు గొంతు తగ్గించి.

గుడి పెద్ద తాన్ తాత కళ్ళు పెద్దవి చేశాడు. "దేవుణ్ణి వెనక్కి తిప్పిస్తావా? నువ్వేం ధర్మకర్తవిరా?"

బోయీల భుజాలు వణుకుతున్నాయి. దొర గడియారం చూసుకున్నాడు. షావుకారు చెమటలు కక్కుతూ గునపం అందుకున్నాడు. పట్టుచొక్కా చంకలో చిరిగింది. మేకులు చెల్లాచెదురై తలుపు తెరుచుకుంది. పల్లకి బయటికి సాగింది.

షావుకారు ఊపిరి పీల్చుకుని మేస్త్రీతో గుసగుసలాడాడు. "రేపు మళ్ళీ మేకులు కొట్టెయ్."

అది చెవిన పడ్డ గవరయ్య అందరికీ వినపడేలా అన్నాడు:

"అలాగేనండీ. 'దేవుడు నడిచిన దారి మూసిన ధర్మకర్త వీరే' అని మీ పేరుతో పలక కూడా పైన కొట్టిద్దాం!"

ముందు తాన్ తాత నవ్వాడు. తర్వాత టపాకాయలు చుట్టే ఆడవాళ్ళంతా. చివరికి షావుకారు కూడా చిరిగిన చంక పట్టుకుని నవ్వక తప్పలేదు. "సరేనయ్యా, ఇక మూయను. పలక మాత్రం వద్దు!"

దొర తన వేలి పచ్చ ఉంగరం తీసి గవరయ్య చేతిలో పెట్టాడు.

"ఉంగరం తర్వాత చూసుకుందువు గాని," అంది చిట్టెమ్మ, "ముందు ఈ మేకులు ఏరించు నాయనా. మేం చెప్పుల్లేకుండా తిరిగేవాళ్ళం!"